ఇవ్వనిది తీసుకోకూడదు – ఒంటి విషయంలోనూ





ఒక ఆదివారం మా ఉయ్యూరులో బుద్ధ వందన అయిపోయింది. త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకున్నాం, టీలు తాగుతున్నాం. వెనక వరసలో కూర్చున్న ఒక చెల్లెమ్మ లేచి నా దగ్గరికొచ్చింది. చెరుకు నరికే రోజుల్లో నరకడానికి, నాట్ల రోజుల్లో నాట్లకు వెళ్ళే మనిషి. రెండేళ్ళ కిందట ఆమె అక్క గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. చెల్లెమ్మకు పదమూడేళ్ళ కూతురుంది.

"అన్నా, ఆ క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు ఏదో సూది ఉందంట కదా. మా పిల్లకు వేయించమంటావా, వద్దంటావా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పక్కన నిలబడ్డ పెద్దాయన అందుకున్నాడు. "వద్దమ్మా. ఖమ్మంలో ఏం జరిగిందో నీకు తెలియదా? కొత్త మందులన్నీ ముందు మన పిల్లల మీదే పరీక్ష చేస్తారు. మనం వాళ్ళకి ఎలుకలతో సమానం."

ఆ చెల్లెమ్మ ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంది. ఆమె భయమూ నిజమే. ఆయన కోపమూ నిజమే. ఒకరు అక్కను పోగొట్టుకున్నారు. ఇంకొకరు తన జనాన్ని వాడుకున్నారని విన్నారు. ఈ ఇద్దరి మధ్య ధమ్మం ఎక్కడ నిలబడుతుంది? ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచించి, చదివి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఖమ్మంలో జరిగింది

ముందు పెద్దాయన మాట చూద్దాం. అది పుకారు కాదు.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని అది. సుమారు 14,000 మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో 10,000 మంది దాకా. ఖమ్మం పిల్లల్లో చాలామంది ఆదివాసీలు. అమ్మానాన్నలకు దూరంగా ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు చాలామంది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు ఊళ్ళకు వెళ్ళి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపేశారు. కేంద్రం వేసిన విచారణ సంఘానికి ఆ మరణాలకు టీకాయే కారణమన్న ఆధారం దొరకలేదు. ఈ సంగతి మనం దాచకూడదు. అయితే ఆ మరణాల మీద లోతుగా విచారణ చేయకుండానే సంబంధం లేదని తేల్చేశారని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఇదీ దాచకూడదు.

ఆ విచారణల్లో బయటపడిన అసలు తప్పు వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం తల్లిది కాదు, తండ్రిది కాదు. హాస్టల్ వార్డెన్లది. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. ఆ ముద్ర వేసినవాళ్ళకు ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పిందెవరు?

వేలిముద్ర అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మన తాతలు ప్రామిసరీ నోట్ల మీద వేశారు, పాలేరు ఒప్పందాల మీద వేశారు, ఉన్న ఎకరం భూమి చేజారిపోయిన దస్తావేజుల మీద వేశారు. ముద్ర మనదే, మాట మాత్రం మనది కాదు. ఖమ్మంలో కాగితం కొత్తది. పద్ధతి పాతదే.

ఇది ప్రయోగం కాదు, అనుమతి ఉన్న టీకాను జనానికి ఎలా అందించాలో చూసే ప్రదర్శన కార్యక్రమం మాత్రమే అని చేసినవాళ్ళు అన్నారు. పార్లమెంటరీ సంఘం ఆ మాట ఒప్పుకోలేదు. పేరు ఏది పెట్టినా పిల్ల చేయి ఒకటే, సూది ఒకటే.

రెండో శీలం ఎంత దూరం వెళుతుంది?

ప్రతి ఆదివారం మనం చెప్పుకునే రెండో శీలాన్ని దొంగతనం చేయకపోవడం అని పిల్లలకు నేర్పుతాం. పాళీలో ఆ మాట 'అదిన్నాదానం'. అదిన్నం అంటే ఇవ్వనిది. ఆదానం అంటే తీసుకోవడం. ఈ మాటకు దొంగతనం కన్నా ఎక్కువ వెడల్పు ఉంది. దొంగ చీకట్లో వస్తాడు. ఇవ్వనిదాన్ని పట్టపగలు, బడి ఆవరణలో, కుర్చీ బల్ల వేసుకుని, రిజిస్టరు రాసుకుంటూ కూడా తీసుకోవచ్చు.

మనిషికి తన ఒంటికంటే దగ్గరి ఆస్తి ఏముంది? జేబులో పది రూపాయలు చెప్పకుండా తీస్తే శీలభంగమైతే, ఒంట్లోకి సూది గుచ్చడానికి, ఒంట్లోంచి నెత్తురు తీయడానికి, ఆ మనిషి రోగాన్ని కాగితం మీద లెక్కగా రాసుకోవడానికి అనుమతి అక్కర్లేదా?

ఇదే రోగానికి సంబంధించిన ఇంకో కథ అమెరికాలో ఉంది. హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి తల్లి పొగాకు తోటల్లో పనిచేసిన ఇంటి మనిషి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆమె గడ్డలోంచి తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి. ఆ ఏడే ఆమె చనిపోయింది. కణాలు మాత్రం 'హీలా' అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. పోలియో టీకా పరిశోధనకు పనికొచ్చాయి, లెక్కలేనన్ని మందుల పరీక్షలకు పనికొచ్చాయి. తీసుకునేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. అలా తీస్తున్నామని పిల్లలకూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాతగానీ ఆ కుటుంబానికి తెలియలేదు. ఆమె కణాలతో కంపెనీలు డబ్బు చేసుకుంటుంటే ఆమె బిడ్డల్లో వైద్య బీమా కూడా లేనివాళ్ళున్నారు.

"మంచికే కదా వాడారు?" అని కొందరంటారు. వాడింది మంచికే. నేను కాదనను. కానీ ఒక మాట అడుగుతాను. అది అంత మంచి పనైతే అడగడానికి అడ్డేమిటి? అడిగితే ఇచ్చేదేమో. ఇస్తే అది దానమయ్యేది. అడగకుండా తీసుకుని ఆమె చేతిలోంచి ఆ దానపుణ్యాన్ని కూడా లాక్కున్నారు. దానానికీ దోపిడీకీ మధ్య ఉన్నది ఒక్క మాటే: "ఇస్తావా?"

మన దేశంలో ఇంకో సంగతి తోడవుతుంది. మన ఒంటిని ముట్టుకుంటే మైల అన్న సమాజం ఇది. మందు పనిచేస్తుందో లేదో చూడాల్సి వచ్చినప్పుడు ఆదివాసీ పిల్ల చేయి, పేద పిల్ల చేయి ఎవరికీ మైల అనిపించలేదు. దగ్గర కూర్చుని విషయం చెప్పడానికే తీరిక లేకపోయింది.

పనికిరాడని, పనికొస్తాడని

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి ఆ వైపు వచ్చాడు. నిన్ను చూసేవాళ్ళు లేరా అని అడిగాడు. లేరన్నాడు. ఎందుకు చూడటం లేదని అడిగితే ఆ రోగి చెప్పిన జవాబు ఇది: తాను మిగతా భిక్షువులకు ఏ పనీ చేసి పెట్టడం లేదు, అందుకే వాళ్ళు చూడటం లేదు.

బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకున్నవాడు రోగికి సేవ చేయాలన్న భావం ఆయన చెప్పింది ఆ సందర్భంలోనే.

ఈ కథ మనం చాలాసార్లు విన్నాం. బుద్ధుడి కరుణను మెచ్చుకుని ఊరుకుంటాం. రోగి చెప్పిన ఆ జవాబు దగ్గర మాత్రం ఆగం. అక్కడ ఆగాలి. అతను పనికిరానివాడు కాబట్టి వదిలేశారు. ఖమ్మం పిల్లలు పనికొచ్చేవాళ్ళు కాబట్టి ఎంచుకున్నారు. హాస్టల్లో ఒక్కచోట దొరుకుతారు, అడ్డు చెప్పరు, వార్డెన్ సంతకం సరిపోతుంది. పనికిరాడని వదిలేయడం, పనికొస్తాడని వాడుకోవడం రెండు వేరు వేరు తప్పుల్లా కనిపిస్తాయి. వేరు ఒక్కటే. రెండు చోట్లా ఎదురుగా ఉన్నది మనిషని ఎవరూ చూడలేదు.

కాబట్టి ఒక వైద్య పరిశోధన ధమ్మానికి తగినదా కాదా అని తేల్చుకోవడానికి మన చేతిలో కొలత ఉంది. మనిషిని అడిగారా? అర్థమయ్యే భాషలో చెప్పారా? సూది వేసి వెళ్ళిపోకుండా తర్వాత కూడా చూసుకున్నారా? ఈ మూడూ ఉంటే అది కరుణ. లేకపోతే ఎంత పెద్ద మందు కనిపెట్టినా అది అదిన్నాదానమే.

అయితే సూది వద్దనాలా?

ఇప్పుడు పెద్దాయనకు జవాబు చెప్పాలి. ఆయన కోపం సరైనదే, కానీ ఆ కోపంతో ఆయన వచ్చిన తీర్మానం సరైంది కాదు.

రోగం పూర్వజన్మ కర్మ వల్ల వస్తుందని మనకు నేర్పారు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే సంగతి బుద్ధుణ్ణి అడిగాడు. మనిషి అనుభవించేదంతా పాత కర్మ ఫలమే అనడం తప్పని బుద్ధుడు చెప్పాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, ఇలా వేరే కారణాలను లెక్కపెట్టి చూపించాడు. దుఃఖం ఉంటే దానికి కారణం ఉంటుంది, కారణాన్ని తీసేస్తే దుఃఖం పోతుంది. నాలుగు ఆర్యసత్యాలు నడిచే దారి ఇదే. వైద్య పరిశోధన నడిచే దారి కూడా ఇదే.

ఆ చెల్లెమ్మ అక్కను తీసుకెళ్ళిన రోగానికి కారణం దొరికింది. హ్యూమన్ పాపిలోమా వైరస్. దీన్ని బయటపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి. 16, 18 అనే రెండు రకాలే ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. ఆ 18వ రకం హెన్రియెటా లాక్స్ కణాల్లో కూడా కనిపించింది. మన దేశంలో 2020లో సుమారు 1,23,000 మంది ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వచ్చిందని, 77,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఎక్కువగా చనిపోయేది ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చినవాళ్ళు. అంటే పేదవాళ్ళు. అంటే మనవాళ్ళు.

ఖమ్మం పని జరిగిన రోజుల్లోనే ఇంకో అధ్యయనం కూడా నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో తొమ్మిది చోట్ల చేసింది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అందులో ఒకటి. మూడు డోసులు కావాలా, రెండు చాలా అని తేల్చడం దాని ఉద్దేశం. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశమంతా టీకా ఆపమన్నారు. అప్పటికి దాదాపు 5,000 మంది ఆడపిల్లలకు ఒక్క డోసే పడింది. మిగతా డోసులు ఆగిపోయాయి.

అక్కడితో ఆ అధ్యయనం వదిలేసి ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. వాళ్ళు అలా పోలేదు. ఒక్క డోసు పడ్డ పిల్లలను, రెండు, మూడు పడ్డవాళ్ళను ఏళ్ళ తరబడి కలుస్తూ, పరీక్షిస్తూ వచ్చారు. పదేళ్ళ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా సుమారు 95 శాతం కాపాడిందని తేలింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడపిల్లలకు ఒకటి లేదా రెండు డోసులు చాలని చెప్పడానికి ఉపయోగపడ్డ ఆధారాల్లో ఇదొకటి. మూడు సూదులు కొనలేని దేశాలకు ఒక్క సూదితో పని జరిగే దారి దొరికింది. అందులో మన దేశపు ఆడపిల్లల పదేళ్ళ ఓపిక ఉంది.

ఒకే టీకా, ఒకే కాలం. ఒకచోట వార్డెన్ సంతకంతో సూది వేశారు. ఇంకోచోట సూది ఆగిపోయిన తర్వాత కూడా మనిషిని వదలకుండా చూశారు. తేడా మందులో లేదు. చేసిన తీరులో ఉంది. మొదటి తీరు వల్ల మంచి టీకా మీద కూడా జనానికి నమ్మకం పోయింది. అడగకుండా చేసిన మేలు చివరికి మేలుకే అడ్డం పడుతుంది.

అందుకే "అన్నీ ప్రయోగాలే, వద్దు" అని తలుపు వేసుకోవడం కూడా మధ్యేమార్గం కాదు. పెద్దలు చెప్పారని నమ్మవద్దు, గ్రంథంలో ఉందని నమ్మవద్దు, పరీక్షించి మేలనిపిస్తే స్వీకరించండి అని కాలాములకు బుద్ధుడు చెప్పిన భావం సూదికీ వర్తిస్తుంది, పుకారుకీ వర్తిస్తుంది. డాక్టరు చెప్పాడని కళ్ళు మూసుకోకూడదు. పక్కింటాయన చెప్పాడనీ మూసుకోకూడదు. బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి బాధపడ్డారు. తాయెత్తు కట్టుకోలేదు, వైద్యం చేయించుకున్నారు. ఆ ఒంటితోనే 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' పూర్తిచేసి వెళ్ళారు.

సంతకం పెట్టే ముందు

మన ఊళ్ళకు ఎవరైనా వచ్చి నెత్తురు తీస్తామన్నా, కొత్త మందు ఇస్తామన్నా కంగారు పడొద్దు, తరిమేయొద్దు. కూర్చోబెట్టి అడగండి. ఇది ఇప్పటికే అనుమతి పొంది అందరికీ ఇస్తున్న మందా, ఇంకా పరీక్షలో ఉన్న మందా? ఇది మొదటి ప్రశ్న. రెండూ ఒకటి కావు.

పరీక్షలో ఉన్నదైతే మనకు హక్కులున్నాయి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ముందుగా నైతిక కమిటీ అనుమతి ఉండాలి. మనకు అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పాలి. చదువురాని మనిషైతే ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారం కావాలి, ఊహ తెలిసిన పిల్లను కూడా అడగాలి. ఆ పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు. వచ్చినంత మాత్రాన మామూలుగా అందే వైద్యం ఆపకూడదు. కాగితం నకలు ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి. ఇవి ఎవరి దయా కాదు. ఖమ్మం లాంటి చోట్ల దెబ్బతిన్న మనుషులు, అడిగిన మనుషులు ఉన్నందువల్ల గట్టిపడిన రక్షణలు.

రోగి చేయాల్సింది, మనం చేయాల్సింది

బుద్ధుడు సేవ చేసేవాడికే కాదు, రోగికి కూడా లక్షణాలు చెప్పాడు. అందులో ఒకటి, తన జబ్బును ఉన్నదున్నట్టు చెప్పడం. ఇంకొకటి, మందు వేసుకోవడం. సేవ చేసేవాడికి చెప్పినవాటిలో మలానికీ వాంతికీ అసహ్యపడకపోవడం ఒకటి, లాభం కోసం కాకుండా మైత్రితో చేయడం ఇంకొకటి.

ఉన్నదున్నట్టు చెప్పడం దగ్గరే మన ఇళ్ళలో ప్రాణాలు పోతున్నాయి. ఆ చెల్లెమ్మ అక్కకు ముట్లుడిగిన తర్వాత కూడా రక్తం కనిపించింది. దుర్వాసనతో తెల్లబట్ట అయింది. సిగ్గుపడి ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. అడిగే మగవాడు ఇంట్లో లేడు. అంటే మనిషి ఉన్నాడు, అడగలేదు. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవచ్చు. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూస్తారు. కొద్ది నిమిషాల పని. ముందే మార్పు పట్టుకుంటే క్యాన్సర్ కాకముందే తీసేయవచ్చు. టీకా పిల్లలకు, ఈ పరీక్ష తల్లులకు. టీకా వేయించుకున్న పిల్ల కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

మనం ఘంటసాల స్తూపం దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాం. గుడివాడ దిబ్బ మీద మన పూర్వీకుల ధమ్మం ఉండేదని పిల్లలకు చూపిస్తాం. మంచిదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద కూడా ఉన్న తన రెండో శిలాశాసనంలో అశోకుడు ఏం చెప్పుకున్నాడు? మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించానని చెప్పుకున్నాడు. ధమ్మం అంటే ఆయనకు అది. మన వందన హాల్లో ప్రతి వారం రెండు పేర్లు రాసుకుందాం: ఈ వారం మన పేటలో మంచం పట్టింది ఎవరు, వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళేది ఎవరు.

ఆ తర్వాతి వారం ఆ చెల్లెమ్మతో కలిసి మేం ముగ్గురం ప్రభుత్వ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పెద్దాయనను కూడా తీసుకెళ్ళాను. ఆయనే ఎక్కువ ప్రశ్నలు వేశాడు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇది అనుమతి ఉన్న టీకా, మన దేశంలో తయారైన దానికి కూడా 2022లో అనుమతి వచ్చింది, వైరస్ తగలకముందే వేస్తే బాగా పనిచేస్తుంది, చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చు, వేసిన తర్వాత కాసేపు కూర్చోవాలి. ఇంటికొచ్చాక తల్లి కూతుర్ని కూర్చోబెట్టి పెద్దమ్మ ఎలా పోయిందో మొదటిసారి దాచకుండా చెప్పింది. "నీ చేయి అమ్మా, నువ్వు చెప్పు" అంది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అమ్మా, ముందు నువ్వు ఆ పరీక్ష చేయించుకో. అప్పుడు నేను వేయించుకుంటా" అంది.

మొన్న గురువారం తల్లి పరీక్ష అయింది. భయపడాల్సిందేమీ లేదన్నారు. పిల్ల సూదికి తారీఖు తీసుకున్నారు. ఆ రోజు తోడు వెళ్ళేది పెద్దాయనే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.